గిలకను మోసే మరమేకు

భుజం పట్టేసిన వాళ్లకి ఫిజియోథెరపీ డాక్టర్లు చెప్పే సాధనం చాలా చిన్నది. ఒక గిలక, దాని మీదుగా తాడు, తాడు రెండు కొసలకీ రెండు చెక్క పిడులు. బాగున్న చేత్తో ఒక పిడిని కిందికి లాగితే బిగుసుకుపోయిన చెయ్యి మెల్లగా పైకి లేస్తుంది. చీరాల బజారులో సామాను కొనుక్కుంటే తీరాన ఉన్న వాడరేవులో ఏ ఇంటి దూలానికైనా కట్టుకోవచ్చు. ఊతకర్రలు, నడక నేర్చుకునే కమ్మీలు ఊరి వడ్రంగి చేతే చేయించుకోవచ్చని డేవిడ్ వెర్నర్ అనే రచయిత 1987లో ఒక పెద్ద పుస్తకమంతా బొమ్మలు వేసి చూపించాడు. నాకు ఇలాంటి వాటిలో అన్నిటికన్నా ముచ్చటగొలిపేది గిలకను దూలానికి పట్టి ఉంచుతూ చెక్కలోకి దిగి కనపడకుండా పోయే మరమేకు.

నేను క్లాసులో గిలక పాఠం చెబుతుంటే పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "నేను లాగేది నాలుగు కిలోలైతే గిలక వేలాడే కొక్కేనికి ఎంత సార్?" ఎనిమిది. తాడు రెండు పాయలూ కిందికే లాగుతాయి గదా! ఇక పట్టు తప్పి తూలిన మనిషి పిడి పట్టుకుని వేలాడితే ఒంటి బరువంతా ఆ కొక్కెం మీదే. రోజూ లాగడం, వదలడం, మళ్లీ లాగడం. ఈ పనికి మేకు చాలదు. మేకును నిలబెట్టేది చుట్టూ నొక్కుకున్న చెక్క పీచు రాపిడి ఒక్కటే. వానాకాలం ఉబ్బి ఎండాకాలం ముడుచుకునే చెక్కలో ఆ పట్టు సడలుతుంది.

మరమేకు దారి వేరు. కోటప్పకొండకి ఘాట్ రోడ్డు చుట్టినట్టు దాని ఒంటికి ఒక వాలుతలం చుట్టి ఉంటుంది. 5 మిల్లీమీటర్ల మరమేకు చుట్టుకొలత దాదాపు 16 మిల్లీమీటర్లు. ఒక్క చుట్టుకి అది 2 మిల్లీమీటర్లు దిగుతుందనుకుంటే వాలు 8 డిగ్రీల లోపే. ఇనుముకీ చెక్కకీ మధ్య రాపిడి ఇంతకు రెట్టింపు వాలునైనా జారకుండా ఆపగలదు. అందుకే ఎంత బరువు లాగినా మరమేకు తనంతట తాను వెనక్కి తిరగదు. అది ఊడాలంటే మరల మధ్య ఇరుక్కున్న పీచంతా తెగాలి. తిప్పితే సులువుగా దిగేది, లాగితే కదలదు! ఇంత చిన్న వస్తువులో ఇంత తెలివి ఇంకెక్కడా చూడలేదు నేను.

ఈ తెలివి కుదురుకోవడానికి చాలా కాలం పట్టింది. ఒకప్పుడు ఒక్కో మరనూ ఆకురాయితో చేత్తో కోసేవారు. 1760లో ఇంగ్లండులో వ్యాట్ సోదరులు ఆ పని యంత్రానికి అప్పగించారు. అయినా మొన మొద్దుగానే ఉండేది. 1846లో అమెరికాలో థామస్ స్లోన్ మొనను సూదిగా చేసి, మరలను ఆ కొస దాకా నడిపించాడు. అప్పటినుంచి మరమేకు తన దారి తానే వెతుక్కుంటోంది. తర్వాత తలల పోటీ. కెనడాలో రాబర్ట్‌సన్ చదరపు గాడి, అమెరికాలో ఫిలిప్స్ ప్లస్ గాడి. మన వడ్రంగుల చేతికి ప్లస్సే వచ్చింది.

వాడరేవులో అసలు శత్రువు ఉప్పుగాలి. ఈ తీరపు పాత మసులా పడవల్లో పలకలను మేకులతో కొట్టకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. కెరటం కొట్టినప్పుడు పడవ విరగకుండా వంగాలని అలా చేశారు. తుప్పు బాధ లేకపోవడం ఆ కుట్టుకి అదనపు లాభం. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే యుద్ధనౌక అడుగుకి రాగిరేకులు తొడిగి ఇనప మేకులు కొట్టింది. రెండేళ్లకి చూస్తే మేకులు చాలా చోట్ల కరిగిపోయాయి. రేకులకి చుట్టి వచ్చిన కాగితం మేకు తల కింద ఇరుక్కుపోయిన చోట్ల మాత్రం నిక్షేపంగా ఉన్నాయి! ఉప్పునీటిలో రాగీ ఇనుమూ ఒకదానికొకటి తగిలితే అది బ్యాటరీ అవుతుంది, అందులో అరిగిపోయేది ఇనుమే. ఇత్తడి పట్టీకి ఇనప మరమేకు బిగిస్తే జరిగేదీ ఇదే.

కాబట్టి పట్టీ, మరమేకు, వాషరు మూడూ ఒకే లోహానివి కొనండి. సముద్రం పక్కన 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మేలు. జిప్సం సీలింగుకి వాడే నల్ల స్క్రూలు వద్దు. అవి గట్టివే గానీ పెళుసు, వంగకుండా పుటుక్కున తెగుతాయి. ముందు బరమాతో మరల నడుమ ఉండే కాడ మందాన రంధ్రం చెయ్యండి. లేకపోతే చెక్క చీలుతుంది. పైన పట్టిన పలకలో మాత్రం మర పట్టనంత వెడల్పు రంధ్రం ఉండాలి, అప్పుడే రెండూ కలిసి బిగుస్తాయి. దూలం కొసలో, పీచు అడ్డంగా తెగిన చోట బిగించకండి, అక్కడ పట్టు బాగా తక్కువ. దూలం అడుగున పైకి బిగించే కన్నా దూలం పక్కన పట్టీని బిగించి దానికి గిలకను వేలాడదీస్తే బరువు మరమేకును ఊడలాగదు, అడ్డంగా నొక్కుతుంది. వీలుంటే దూలం ఆ పక్కకి దూరే బోల్టు వేసి, రెండు వైపులా వెడల్పు వాషరు, నట్టు బిగించండి. పెద్దవాళ్ల చేతికి పిడి ఇచ్చే ముందు మీరే దాన్ని పట్టుకుని మీ బరువంతా ఒకసారి వేసి చూడండి.