థైరాయిడ్ మందగిస్తే పస్తులు పరిష్కారం కావు
మాత్ర, నడక, మితాహారం... మూడింటికీ వరుస ముఖ్యం

అనుమసముద్రంపేట: థైరాయిడ్ గ్రంథి మందగించినట్లు రక్తపరీక్షలో తేలగానే పలువురికి ముందుగా వచ్చే ఆలోచన బరువు తగ్గించుకోవడం. రాత్రి భోజనం మానేయడం, మూడు పూటలా చిరుధాన్యాలకు మారిపోవడం, తెల్లవారుజామున వేగంగా నడవడం వంటివన్నీ ఒకేసారి ప్రారంభిస్తుంటారు. నెల గడిచినా తూకంలో మార్పు కనిపించకపోతే నిరాశతో మాత్రలను సైతం పక్కన పెట్టేవారున్నారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. ఈ వ్యాధిలో ఆహార నియమం, వ్యాయామం మాత్రకు తోడు నిలుస్తాయే తప్ప మాత్రకు బదులు కాలేవు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల ఆహారపు అలవాట్లకు అనుగుణంగా పాటించదగిన జాగ్రత్తలను ఇక్కడ వివరిస్తున్నాం.

పదిమందిలో ఒకరికి

హైదరాబాద్, చెన్నై సహా దేశంలోని ఎనిమిది నగరాల్లో 5,376 మంది పెద్దలను పరీక్షించి 2013లో ఒక అధ్యయన ఫలితాలను ప్రచురించారు. వారిలో దాదాపు 11 శాతం మందిలో థైరాయిడ్ మందగించి ఉంది. పరీక్షించిన మొత్తం మందిలో సుమారు మూడున్నర శాతం మందికి ఆ పరీక్ష జరిగే వరకు తమకు ఈ సమస్య ఉన్నట్లే తెలియదు. పురుషుల కంటే స్త్రీలలో ఇది ఎక్కువ. ఇవి నగరాల లెక్కలే అయినా, అలసట, మలబద్ధకం, చలికి తాళలేకపోవడం, జుట్టు రాలడం, నెలసరిలో అధిక రక్తస్రావం, ముఖం ఉబ్బడం, గొంతు బొంగురుపోవడం వంటి లక్షణాలను పల్లెల్లోనూ వయసు వల్లో, పని ఒత్తిడి వల్లో వచ్చినవిగా భావించి వదిలేయరాదు.

బరువంతా థైరాయిడ్‌ది కాదు

మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథి థైరాక్సిన్ అనే హార్మోనును తయారు చేస్తుంది. గుండె కొట్టుకునే వేగం, పేగుల కదలిక, శరీర వేడి, శక్తి ఖర్చయ్యే తీరు అన్నీ దీని అదుపులోనే ఉంటాయి. సొంత రోగనిరోధక వ్యవస్థే ఈ గ్రంథిపై దాడి చేయడం వ్యాధికి ప్రధాన కారణాల్లో ఒకటి. జపాన్ వైద్యుడు హషిమోటో 1912లో దీనిని తొలిసారిగా వివరించడంతో ఆయన పేరే స్థిరపడింది.

హార్మోను తగ్గినప్పుడు శరీరంలో ఉప్పు, నీరు నిలిచిపోతాయి. కేవలం ఈ వ్యాధి కారణంగా పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి ఐదు కిలోల లోపే ఉంటుంది. అందులోనూ అధిక భాగం ఆ నీరే. చికిత్స సక్రమంగా సాగితే అది క్రమేపీ తగ్గుతుంది. ఇరవై కిలోలు అదనంగా ఉన్నవారు ఆ మొత్తాన్నీ థైరాయిడ్ ఖాతాలో వేయడం సరికాదు. మిగిలిన బరువుకు అందరికీ వర్తించే మార్గమే శరణ్యం. తినేది కొంత తగ్గించాలి, కదలిక కొంత పెంచాలి.

పస్తులుంటే ఏమవుతుంది?

థైరాక్సిన్‌ను శరీరం టీ3 అనే చురుకైన రూపంలోకి మార్చుకొని వాడుకుంటుంది. ఆహారం ఒక్కసారిగా తగ్గిపోతే కరువు వచ్చినట్లుగా భావించి శరీరం పొదుపునకు దిగుతుంది. టీ3 తయారీని తగ్గించి శక్తిని ఆదా చేసుకుంటుంది. అంటే అసలే మందగించిన యంత్రం మరింత నెమ్మదిస్తుంది. కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. మలబద్ధకం, జుట్టు రాలడం, నీరసం పెరుగుతాయి. బరువు మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశమూ ఉంది.

కనుక టీఎస్‌హెచ్ పరీక్ష ఫలితం అదుపులోకి వచ్చేంత వరకు తీవ్ర ఆహార నియమాల జోలికి వెళ్లకపోవడం మేలు. మాత్ర మోతాదు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు గానీ దాని పూర్తి ప్రభావం పరీక్షలో తెలియదు. ఆ తరువాత వారానికి అర కిలోకు మించకుండా బరువు తగ్గేలా చూసుకోవాలి.

ముందు మాత్ర... తరువాత నడక... ఆపైనే కాఫీ

థైరాక్సిన్ మాత్రను పరగడుపున మంచినీటితో మాత్రమే వేసుకోవాలి. అర గంట నుంచి గంట వరకు ఏమీ తినరాదు. నిద్ర లేవగానే కాఫీ, టీ తాగే అలవాటు ఉన్న ఇళ్లలో ఈ నియమమే ఎక్కువగా తప్పుతోంది. కాఫీ, పాలు మాత్రను శరీరం గ్రహించకుండా అడ్డుకుంటాయి. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఆరోగ్యానికి మంచిదే అయినా రాగి జావను మాత్ర వెంటనే తాగితే మందు వృథా అవుతుంది. స్త్రీలు వాడే ఐరన్, కాల్షియం మాత్రలకు, కడుపులో మంటకు వాడే యాంటాసిడ్లకు, థైరాయిడ్ మాత్రకు మధ్య కనీసం నాలుగు గంటల విరామం ఉండాలి.

దీనికి తేలికైన ఉపాయం ఉంది. లేవగానే మాత్ర వేసుకొని, కాస్త ఆగి నడకకు వెళ్లి, తిరిగి వచ్చాక కాఫీ తాగితే ఆ గంట విరామం దానంతటదే గడిచిపోతుంది. పడమటి మండలాల్లో వేసవి ఎండల తీవ్రత అందరికీ తెలిసిందే. నడక పొద్దెక్కక ముందే ముగుస్తుంది కనుక ఎండ దెబ్బ భయమూ ఉండదు. మాత్రల సీసాను పొయ్యి పక్కన, ఎండ తగిలే కిటికీలో ఉంచరాదు. వేడికి, తేమకు మందు శక్తి తగ్గుతుంది.

సజ్జలు, క్యాబేజీ మానాలా?

మానవలసిన అవసరం లేదు. సూడాన్‌లోని డార్‌ఫర్ ప్రాంతంలో సజ్జలే ప్రధానాహారమైన పల్లెల్లో గాయిటర్‌గా పిలిచే గొంతువాపు ఎక్కువగా కనిపించింది. సజ్జల్లోని కొన్ని పదార్థాలు థైరాయిడ్ పనికి అడ్డు తగులుతాయని పరిశోధకులు గుర్తించారు. అయితే అయోడిన్ కొరత ఉన్నచోట, మరో ధాన్యం లేకుండా నిత్యం తిన్నప్పుడే ఇది సమస్యగా మారుతుంది. అయోడిన్ ఉప్పు వాడుతూ వారంలో కొన్ని పూటలు సజ్జ రొట్టె తినడం వల్ల హాని లేదు. అన్నం పూర్తిగా మానేసి మూడు పూటలా సజ్జలకే పరిమితం కావడం మాత్రం తగదు. క్యాబేజీ, కాలీఫ్లవర్‌లను ఉడికించి తింటే భయపడనక్కరలేదు. సోయా పదార్థాలను మాత్ర వేళకు దూరంగా తీసుకోవాలి.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించరాదు. మన భోజనంలో అన్నం వాటా అంతకంటే ఎక్కువగా ఉండటం సాధారణం. కంచంలో అన్నాన్ని మూడో వంతు తగ్గించి, ఆ మేరకు పప్పు, ఆకుకూర, ఉడికించిన పెసలు, శనగలు, గుడ్డు, చేపల పులుసు పెంచుకుంటే ఆకలి తీరుతుంది, కండ నిలుస్తుంది. పీచు వల్ల మలబద్ధకమూ సర్దుకుంటుంది. నూనెలో వేగిన పదార్థాలు, చక్కెర తగ్గించుకోవాలి.

ఉప్పు విషయంలో...

అయోడిన్ లేని ఉప్పును ఆహారం కోసం అమ్మడాన్ని కేంద్రం 2006లో దేశమంతటా నిషేధించింది. వినియోగదారుని చేతికి అందేటప్పుడు కిలో ఉప్పులో కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి. తీరంలోని ఉప్పు మడుల నుంచి నేరుగా వచ్చే రాళ్ల ఉప్పులో ఇది ఉండదు. పచ్చళ్లకు సైతం ప్యాకెట్‌పై అయోడిన్ గుర్తు చూసి కొనడం ఉత్తమం. అలాగని ఉప్పు ఎక్కువ తింటే వ్యాధి నయం కాదు. రోగనిరోధక దాడితో దెబ్బతిన్న గ్రంథికి అదనపు అయోడిన్ మేలు చేయదు. సముద్రపు నాచు మాత్రల వంటివి వాడితే కీడు కూడా జరగవచ్చు. రోజుకు అయిదు గ్రాముల ఉప్పు చాలు.

ఉపవాసాల వేళ

ఒక పూట ఉపవాసమున్నా మాత్ర మానరాదు. కార్తీక సోమవారాల్లో తెల్లవారుజామున నీటితో మాత్ర వేసుకోవచ్చు. రంజాన్ మాసంలో సహరీకి అర గంట నుంచి గంట ముందు గానీ, రాత్రి చివరి భోజనం చేసిన మూడు గంటల తరువాత గానీ వేసుకోవచ్చు. ఏదో ఒక వేళను ఎంచుకొని నెలంతా అదే పాటించాలి. ఈ మార్పును ముందే వైద్యునితో చర్చించాలి. అనుమసముద్రంపేట ఖాజా నాయబ్ రసూల్ దర్గాకు వచ్చి రాత్రి బస చేసేవారు సైతం మాత్రలను వెంట తెచ్చుకోవడం మరువరాదు.

వ్యాయామం మెల్లగా మొదలుపెట్టాలి

హార్మోను తక్కువగా ఉన్నప్పుడు గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది. కండరాలు బిగుసుకుపోతాయి, తొడలు, భుజాలు బలహీనపడతాయి. నేలపై కూర్చొని లేవడం కష్టమవుతుంది. ఈ స్థితిలో పరుగులు, బరువులెత్తడం మొదలుపెడితే కండరాలు దెబ్బతింటాయి. మొదటి రెండు వారాలు పది నిమిషాల నడక చాలు. మాట్లాడుతూ నడవగలిగే వేగమే సరైన వేగం. ఆపై వారానికి అయిదు నిమిషాల చొప్పున పెంచుతూ రోజుకు అర గంట, వారానికి 150 నిమిషాలకు చేరుకోవాలి. వారంలో రెండు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి వంగి లేవడం వంటివి చేస్తే కండ పెరుగుతుంది. రోజంతా నాట్లు, కలుపు పనులకు వెళ్లేవారికి విడిగా నడక కంటే విశ్రాంతి, వేళకు భోజనమే ముఖ్యం.

గుండె జబ్బు, మధుమేహం ఉన్నవారు, 60 ఏళ్లు దాటినవారు వైద్యుని అనుమతి తీసుకున్నాకే వ్యాయామం ప్రారంభించాలి.

వెంటనే ఆపవలసిన సంకేతాలు

- ఛాతీలో నొప్పి, బరువుగా అనిపించడం, నొప్పి ఎడమ చేతికి పాకడం
- కొద్ది దూరానికే ఆయాసం, కళ్లు తిరగడం
- గుండె దడ, లయ తప్పినట్లు అనిపించడం
- తీవ్రమైన కండరాల నొప్పితో పాటు మూత్రం ముదురు రంగులో రావడం

వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా సమీపంలోని ఆసుపత్రికి చేరాలి. అధిక మగత, మాట తడబడటం, ఒళ్లు చల్లబడటం కూడా అత్యవసర పరిస్థితులే. మాత్రలు మానేసిన వృద్ధుల్లో ఇది ప్రాణాంతకం కావచ్చు.

మోతాదు పెంచితే బరువు తగ్గదా?

కొందరు త్వరగా బరువు తగ్గుతారన్న ఆశతో సొంతంగా రెండు మాత్రలు వేసుకుంటుంటారు. ఇది మరింత ప్రమాదకరం. అదనపు హార్మోను గుండె లయను దెబ్బతీస్తుంది, ఎముకలను పలుచన చేస్తుంది. థైరాక్సిన్ బరువు తగ్గించే మందు కాదు. గర్భిణులకు మోతాదు పెంచవలసి వస్తుంది కనుక గర్భం నిర్ధారణ కాగానే వైద్యుని కలవాలి. ఆ సమయంలో బరువు తగ్గే ప్రయత్నాలు చేయరాదు. బిడ్డ మెదడు ఎదుగుదల తొలి నెలల్లో తల్లి హార్మోనుపైనే ఆధారపడి ఉంటుంది.

క్రమం తప్పకపోతే నిండు జీవితం

ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ వైద్యుడు జార్జ్ మర్రే 1891లో గొర్రె థైరాయిడ్ రసాన్ని 46 ఏళ్ల మహిళకు ఎక్కించి ఈ వ్యాధికి తొలి చికిత్స చేశారు. అప్పటి వరకు మందు లేని ఆ వ్యాధితో బాధపడుతున్న ఆమె, చికిత్స కొనసాగిస్తూ మరో 28 ఏళ్లు జీవించారు. నేడు అదే హార్మోను చిన్న మాత్ర రూపంలో మందుల దుకాణాల్లో తక్కువ ధరకే లభిస్తోంది. బరువు కొద్ది నెలలు ఆలస్యంగా తగ్గినా నష్టం లేదు. మాత్ర ఆగితేనే నష్టం. పరీక్ష తేదీని క్యాలెండర్‌పై రాసుకోవడం, పాత రిపోర్టులను భద్రపరచి వైద్యునికి చూపించడం వంటి చిన్న అలవాట్లు ఇందుకు ఎంతగానో తోడ్పడతాయి.