గెలవడం తేలికే, సాకడమే కష్టం!

దుబాయి చూడ్డానికొచ్చిన చుట్టాలెవరూ అల్ ఖూజ్ చూపించమని అడగరు. షేక్ జాయెద్ రోడ్డుకీ అల్ ఖైల్ రోడ్డుకీ నడుమ గిడ్డంగులు, గరాజులు, వర్క్‌షాపులు, కార్మికుల క్యాంపులు. ఊరికి పెరడు లాంటి చోటన్నమాట. 2007లో అల్‌సర్కాల్ ఎవెన్యూ మొదలై, పాత పాలరాతి ఫ్యాక్టరీ ఉన్న చోట ఆర్టు గ్యాలరీలు వెలిశాక కాస్త పేరొచ్చింది గానీ, నాలుగు వీధులు దాటితే మళ్ళీ లారీలూ ఫోర్క్‌లిఫ్టులే.

అక్కడి ఒక గిడ్డంగిలో సరుకు లెక్కల సాఫ్ట్‌వేరు చూసే స్నేహితుడొకడున్నాడు నాకు. జగిత్యాల వాడు. ఒక సెలవునాడు వాడి గదికెళ్తే ల్యాప్‌టాపు ముందు కూర్చుని ఏదో పాత గేము ఆడుతున్నాడు. తెర నిండా చిన్న చిన్న విండోలు, వాటి నిండా అంకెలు. ఒక మూల "గ్రహం స్వాధీనమైంది" అనే అర్థం వచ్చే కబురు.

"ఇంకేం, గెలిచావు కదరా?" అన్నాను.

"గెలుసుడేముందిరా, సాకుడే కష్టం!" అన్నాడు తలెత్తకుండానే.

ఆ గేము పేరు స్టార్ వార్స్: రెబెలియన్. 1998లో కూల్‌హ్యాండ్ ఇంటరాక్టివ్ అనే కంపెనీ తయారు చేస్తే లూకాస్ఆర్ట్స్ విడుదల చేసింది. బ్రిటన్లో దీన్నే సుప్రిమసీ అనే పేరుతో అమ్మారు. పాతికేళ్ళు దాటిన ఈ గేము గురించి ఇప్పుడు రాయడానికి కారణం మావాడి ఆ ఒక్క మాటే.

సినిమా అయిపోయాక మొదలయ్యే కథ

1977లో వచ్చిన మొదటి స్టార్ వార్స్ సినిమా చివర డెత్ స్టార్ పేలిపోతుంది కదా, గేము అక్కణ్ణించి మొదలవుతుంది. మీరు తిరుగుబాటుదారుల వైపైనా ఉండొచ్చు, సామ్రాజ్యం వైపైనా ఉండొచ్చు. గెలాక్సీ ఎంత పెద్దదో కూడా మీరే ఎంచుకోవచ్చు. పెద్దది ఎంచుకుంటే 200 గ్రహవ్యవస్థలు మీ నెత్తిన పడతాయి.

ఇలాంటి వ్యూహాత్మక గేములని 4ఎక్స్ గేములంటారు. 1993లో మాస్టర్ ఆఫ్ ఓరియన్ అనే గేము గురించి రాస్తూ ఆలన్ ఎమ్రిచ్ పెట్టిన పేరిది. వెతకడం, విస్తరించడం, ఉన్నది వాడుకోవడం, ఎదుటివాణ్ణి తుడిచిపెట్టడం - ఈ నాలుగు పనుల ఇంగ్లీషు పేర్లలోనూ ఎక్స్ వినపడుతుంది, అదీ సంగతి.

మామూలుగా ఈ రకం గేముల్లో అందరి లక్ష్యమూ ఒకటే. రెబెలియన్లో అలా కాదు. సామ్రాజ్యం గెలవాలంటే తిరుగుబాటుదారుల స్థావరాన్ని కనిపెట్టి నాశనం చెయ్యాలి, లూక్ స్కైవాకర్నీ మాన్ మాత్మానీ పట్టుకోవాలి. తిరుగుబాటుదారులేమో రాజధాని కొరుసాంట్‌ని గెలిచి, చక్రవర్తినీ డార్త్ వేడర్నీ బంధించాలి. కొరుసాంట్ ఎక్కడుందో అందరికీ తెలుసు. తిరుగుబాటు స్థావరం మాత్రం చంకనెత్తుకుని పోగలిగేది, శత్రువు దగ్గరికొస్తోందంటే ఇంకో గ్రహానికి మార్చెయ్యొచ్చు. ఒకడికి బలం ఉంది గానీ వెతుక్కోవాలి, ఇంకొకడు బలహీనుడు గానీ దాక్కోగలడు. సినిమాలో ఉన్న కథంతా ఈ ఒక్క నియమంలో పట్టేసింది. మధ్యలో లూక్ మిమ్మల్నడక్కుండానే శిక్షణ కోసం దాగోబా వెళ్ళిపోతాడు, హాన్ సోలోని డబ్బు కోసం వేటగాళ్ళు పట్టుకుపోతారు. మంచి ఉద్యోగులతో ఉండే చిక్కే అది!

అసలు శత్రువు మెయింటెనెన్సు

ఇక మావాడు "సాకుడు" అన్న సంగతి. గ్రహాలమీద గనులు తవ్వాలి, తవ్వినదాన్ని శుద్ధి చేసే రిఫైనరీలు కట్టాలి. ఓడలైనా సైన్యమైనా శుద్ధి చేసిన సరుకుతోనే తయారవుతాయి. ఇంతవరకూ అన్ని గేముల్లోనూ ఉన్నదే. తేడా ఏమిటంటే, తయారైన ప్రతి ఓడా, ప్రతి దళమూ, ప్రతి కర్మాగారమూ ఉన్నన్నాళ్ళూ మెయింటెనెన్సు కింద కొంత మింగుతూనే ఉంటుంది. ఎన్నింటిని పోషించగలరనేది మీకున్న గనులూ రిఫైనరీలూ నిర్ణయిస్తాయి.

శత్రువొచ్చి మీ గనుల గ్రహాన్ని దిగ్బంధం చేశాడనుకోండి, లేదా అక్కడి జనం తిరగబడ్డారనుకోండి. పోషణ శక్తి పడిపోతుంది. అప్పుడు గేము మిమ్మల్నడగదు, తనే మీ ఆస్తుల్ని ఒక్కొక్కటీ తుక్కు కింద తీసేస్తుంది. ఒక్క తుపాకీ పేలకుండానే నౌకాదళం కరిగిపోతుంది. మొదటిసారి ఆడేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. ప్రాజెక్టు డెలివరీ చేసి పార్టీ చేసుకుని, సపోర్టుకి మనుషుల్ని పెట్టడం మరిచిపోయిన మేనేజర్లని చూసినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు.

జనం సంగతి కూడా ఇలాంటిదే. ప్రతి గ్రహంలోనూ ప్రజలు ఎవరివైపు ఎంత మొగ్గుతున్నారో చూపించే ఒక గీత ఉంటుంది. మీవైపు మొగ్గిన చోట సైన్యం అక్కరలేదు. గిట్టని చోట దళాల్ని దింపి కాపలా పెట్టకపోతే తిరుగుబాటు తప్పదు. ఆ దళాలకి మళ్ళీ మెయింటెనెన్సు. లేయాని పంపి మాటలతో ఒప్పించిన గ్రహం దాదాపు ఉచితంగా వస్తుంది. బాంబులేసి గెలిచినది ప్రతిరోజూ ఖర్చు పెట్టిస్తుంది. ఎవరూ నీతిబోధ చెయ్యరు, లెక్క మీకే తెలిసొస్తుంది.

ఒక సినిమా లోకం స్వభావాన్ని ఇలా నియమాల్లోకి దింపిన గేము ఇంకొకటుంది. 1999లో మైక్రోప్రోస్ తెచ్చిన స్టార్ ట్రెక్: బర్త్ ఆఫ్ ద ఫెడరేషన్. అందులో ఒకే పని చేసినా ఒక్కో జాతి ప్రజలు ఒక్కోలా స్పందిస్తారు. యుద్ధం ప్రకటిస్తే క్లింగాన్లు హుషారవుతారు, ఫెడరేషన్ వాళ్ళు మొహం మాడ్చుకుంటారు.

రెబెలియన్లో లోపాలు లేవని కాదు. విండోల మీద విండోలు తెరుచుకుంటాయి, చిన్న పనికి పది క్లిక్కులు. త్రీడీ అంతరిక్ష యుద్ధాలు ఆ రోజుల్లోనే నాసిగా ఉన్నాయన్నారు. 2006లో పెట్రోగ్లిఫ్ తయారుచేసిన ఎంపైర్ ఎట్ వార్ ఈ విషయంలో ఎంతో మెరుగు. నేలమీదా ఆకాశంలోనూ యుద్ధాలు కన్నులపండువగా ఉంటాయి, లెక్కల బాధ తక్కువ. అందుకే ఎక్కువమందికి అదే నచ్చింది.

గేముకీ సాకుడే

విచిత్రమేమిటంటే ఈ గేముల చరిత్ర కూడా ఆ పాఠమే చెబుతుంది. 2012లో లూకాస్‌ఫిల్మ్‌ని డిస్నీ కొన్నది. 2013లో లూకాస్ఆర్ట్స్‌లో గేములు తయారుచేసే విభాగాన్ని మూసేసింది. 2014లో గేమ్‌స్పై సర్వర్లు ఆగిపోవడంతో ఎంపైర్ ఎట్ వార్‌ని నెట్‌లో ఇద్దరు కలిసి ఆడుకునే దారి మూసుకుపోయింది. కథ అక్కడితో ముగియాలి. కానీ 2017లో పెట్రోగ్లిఫ్ ఒక ప్యాచ్ ఇచ్చి ఆ దారి మళ్ళీ తెరిచింది. అభిమానులు దానికి చేర్చుకున్న కొత్త ఓడలూ గ్రహాలూ 32 బిట్ల ప్రోగ్రాముకి అందే జ్ఞాపకశక్తిలో పట్టక కూలిపోతుంటే, 2023లో 64 బిట్ల ప్యాచ్ కూడా ఇచ్చింది. పదిహేడేళ్ళ నాటి కోడుకి! రెబెలియన్‌కి అంత భాగ్యం లేకపోయినా, స్టీమ్‌లోనూ జీఓజీలోనూ కొనుక్కోవచ్చు.

ఆ రోజు చీకటి పడ్డాక మావాడు కంప్యూటరు మూసి, నన్ను టాక్సీ దొరికే దాకా సాగనంపడానికి వచ్చాడు. పనినుంచి మనుషుల్ని తెస్తున్న బస్సులు క్యాంపుల ముందు ఆగుతున్నాయి. దిగేవాళ్ళ చేతుల్లో టిఫిను డబ్బాలు. వాళ్ళలో ఒకాయన మావాణ్ణి చూసి "ఏం తమ్మీ, మంచిగున్నవా?" అని పలకరించాడు. వాళ్ళ పక్కూరాయనట. రెబెలియన్లో గనులు రాత్రింబవళ్ళు నడుస్తాయి, వాటిలో పనిచేసేవాళ్ళు ఎక్కడా కనపడరు. ఇక్కడ మాత్రం జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకూ ఎండలో పని చేయించకూడదని చట్టం ఉంది. ఎందుకంటే ఇక్కడి మెయింటెనెన్సుకి ఒళ్ళుంది, దానికి దాహమేస్తుంది.

ఇన్ని మెరుపుల దుబాయిని సాకేది ఎవరో తెలియాలంటే ఆ బస్సులు తిరిగొచ్చే వేళకి అల్ ఖూజ్‌లో ఒక్క అరగంట నిలబడితే చాలు. ఈసారి చుట్టాలొస్తే, వాళ్ళు అడక్కపోయినా చూపించండి.