క్యాన్సర్‌ తగ్గినా.. చక్కెరపై కన్నుండాలి
పొడులు, మాత్రల కన్నా పళ్లెంలో మార్పే మేలు

క్యాన్సర్‌ చికిత్స ముగించుకుని ఇల్లు చేరిన వారిలో కొందరికి కొన్నాళ్లకు రక్తంలో చక్కెర పెరిగినట్లు పరీక్షల్లో తేలుతోంది. ఆందోళనతో కొందరు అన్నం పూర్తిగా మానేస్తున్నారు. మరికొందరు వేల రూపాయలు పోసి పొడులు, మాత్రలు కొంటున్నారు. ఈ రెండూ సరికావు.

ఎందుకిలా?

క్లోమం విడుదల చేసే ఇన్సులిన్‌ రక్తంలోని చక్కెరను కండరాల్లోకి చేరుస్తుంది. కణాలు దానికి సరిగా స్పందించకపోవడాన్నే ఇన్సులిన్‌ నిరోధకత అంటారు. కీమోథెరపీలో వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్‌ వంటి స్టెరాయిడ్లు, ప్రొస్టేట్‌ క్యాన్సర్‌కు వాడే హార్మోన్‌ ఇంజెక్షన్లు ఈ సమస్యను పెంచుతాయి. పైగా నెలల తరబడి మంచాన ఉండి కండ కరిగితే చక్కెరను వినియోగించుకునే శక్తి తగ్గుతుంది. అందువల్ల వ్యాధి తిరగబెడుతుందన్న భయంతో కడుపు మాడ్చుకుంటే మేలు కన్నా కీడే ఎక్కువ.

ఏం తినాలి?

రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించరాదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి మార్గదర్శకాల్లో సూచించింది. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పావు వంతు అన్నం లేదా జొన్నరొట్టె, మిగిలిన పావు వంతు పప్పు, గుడ్డు, చేప ఉండేలా చూసుకోవాలి. భోజనం తర్వాత 10 నుంచి 15 నిమిషాలు నడిస్తే మంచిది. బరువు తగ్గిపోతున్నవారు, మింగడం కష్టమైనవారు మాత్రం వైద్యుడిని అడగనిదే ఆహారం తగ్గించరాదు.

మాత్రలతో జాగ్రత్త

మెంతులు, దాల్చినచెక్క చికిత్సకు ప్రత్యామ్నాయం కావు. రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్‌ వాడేవారు పసుపు సారం, మిరియాల సారం కలిపి తీసుకున్నప్పుడు రక్తంలో ఆ మందు క్రియాశీల రూపం తగ్గినట్లు 2019లో నెదర్లాండ్స్‌ పరిశోధకులు గుర్తించారు. కూరలో వేసే చిటికెడు పసుపు వేరు, మాత్రల మోతాదు వేరు. విటమిన్‌ డి, బి12 మాత్రలు సైతం లోపం ఉన్నట్లు పరీక్షలో తేలితేనే వాడాలి. మెట్‌ఫార్మిన్‌ దీర్ఘకాలం వాడేవారిలో బి12 తగ్గే అవకాశం ఉంది.

పరీక్షలు తప్పనిసరి

పరగడుపున చక్కెర 100 నుంచి 125 మిల్లీగ్రాములు ఉంటే మధుమేహానికి ముందు దశగా భావించాలి. 126, ఆపైన ఉంటే మరోసారి పరీక్షించి మధుమేహంగా నిర్ధారిస్తారు. మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ ఫలితం రక్తహీనత ఉన్నవారిలో, ఇటీవల రక్తం ఎక్కించుకున్నవారిలో తప్పుదారి పట్టించవచ్చు. ఆ విషయాన్ని ముందే వైద్యుడికి చెప్పాలి. వాడుతున్న ప్రతి పొడి, మాత్ర డబ్బాను కూడా వెంట తీసుకెళ్లి చూపించాలి.