పేరిత చిగురుపై ‘పాండవ’ కన్ను

తిరుపతి: ఇంటి ముందు సైకస్ మొక్క పెంచేవారికి ఈ అనుభవం కొత్త కాదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు మొవ్వులోంచి లేత ఆకులు గుత్తిగా లేస్తాయి. ఇంటిల్లిపాదీ సంబరపడతారు. కొద్ది రోజులు తిరిగేసరికి ఆ చిగురు కాస్తా ఈనెలు మిగిలిన చీపురుకట్టలా తయారవుతుంది. చుట్టూ చీమలు తిరుగుతుంటాయి కనుక నేరం వాటి మీదికి పోతుంది.

అసలు దొంగ ఓ చిన్న నీలి సీతాకోకచిలుక. రెక్కలు చాపినా అంగుళం పైచిలుకే. మగదాని రెక్కలు పైన ఊదా కలిసిన నీలం. ముడిస్తే బూడిదరంగు మీద నల్లచుక్కలు. వెనుక రెక్క చివర వెంట్రుకలాంటి తోక, పక్కనే నారింజ అంచున్న కంటిచుక్క ఉంటాయి. అదే తల అనుకుని పిట్ట పొడిస్తే రెక్క ముక్క పోతుంది, ప్రాణం దక్కుతుంది. 1829లో హార్స్‌ఫీల్డ్ అనే శాస్త్రజ్ఞుడు జావా దీవిలో దొరికిన దానికి ‘పాండవ’ అని పేరు పెట్టాడు. ఐదుగురిలో ఎవరైనా గానీ, తిండిలో మాత్రం దీని పిల్ల భీముడే.

తల్లి ముదురాకు జోలికి పోదు. విచ్చుకుంటున్న చిగురు మీదే గుడ్లు పెడుతుంది. గొంగళిపురుగు వీపు చివరనుంచి తీపి ద్రవం ఊరుతుంది. దానికోసం చేరిన చీమలు శత్రు పురుగులను దగ్గరికి రానివ్వవు. అవి కూలికి కుదిరిన కాపలావాళ్లే తప్ప ఆకు తినవు. గుడ్డు నుంచి రెక్కల దాకా మూడు వారాలు చాలు. ఆకు గట్టిపడితే పురుగు నమలలేదు. అందుకే చిగురు లేచిన ఆ కొద్ది రోజులూ దోమతెర కప్పినా, రోజూ చూసి గుడ్లు తుడిచేసినా మొక్క దక్కుతుంది. చీమల మీద మందు చల్లడం వృథా ఖర్చు.

తోటలో ఇది తెగులు. శేషాచలం కొండల మీద కథ వేరు. అక్కడి పేరిత కూడా సైకస్ జాతిదే. దూరం నుంచి చూస్తే ఈత మొక్క అనుకుంటారు. బెడ్డోమ్ అనే అధికారి పేరుమీద 1883లో శాస్త్రజ్ఞులు దీన్ని నమోదు చేశారు. తిరుమల, కడప కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఇది సహజంగా పెరగదు. నీలి సీతాకోకచిలుక దీని చిగురు మీదా పిల్లలను పెంచుకుంటుంది. అయినా పేరితకు ముప్పు దానివల్ల కాదు. తిన్న చిగురు పోతే బోదెలో దాచుకున్న సత్తువతో మళ్లీ వేస్తుంది. వేసవి మంటల్లో బోదె నల్లబడినా మొవ్వు చిగురిస్తుంది. తట్టుకోలేనివి మొలకలే.

అంతకంటే పెద్ద దెబ్బ మనిషిది. పేరితలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. నాటుమందు కోసం మగచెట్టు కంకిని కోసుకుపోతుంటారు. పుప్పొడి అందక ఆడచెట్టుకు గింజ కట్టదు. ఈ మొక్కను అడవి నుంచి తీసి విదేశాలకు అమ్మడంపై అంతర్జాతీయ నిషేధం ఉంది. కొండ దిగువన మూటకట్టి అమ్మే కంకి మాత్రం ఆ లెక్కలోకి రావడం లేదు.