మెంతిగింజ, షుగరు మాత్ర: ఒకే కుదురు

నర్సీపట్నంలో షుగరు ఉన్నవాళ్ల ఇళ్లల్లో రాత్రి గ్లాసులో మెంతులు నానేయడం మామూలే. పొద్దున్నే పరగడుపున ఆ నీళ్లు తాగి, ఉబ్బిన గింజలు నమిలి, ఆపైన మాత్ర వేసుకుంటారు. ఆ గింజకూ, కొందరు వేసుకునే సిటాగ్లిప్టిన్ మాత్రకూ చుట్టరికం ఉంది. రెండింట్లోనూ ఉన్నవి అమైనో ఆమ్లాలో, వాటిని మార్చి చేసిన పదార్థాలో.

మన ఒంట్లోని ప్రొటీన్లలో కనిపించని ఒక అమైనో ఆమ్లం మెంతుల్లో ఉంది. పేరు 4-హైడ్రాక్సీఐసోల్యూసిన్. ఎలుకల నుంచీ మనుషుల నుంచీ వేరుచేసిన క్లోమ కణాల మీద ఫ్రెంచి శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి 1998లో ఫలితాలు ప్రకటించారు. గ్లూకోజు ఎక్కువగా ఉంటేనే ఇది ఇన్సులిన్‌ను పెంచింది, తక్కువగా ఉంటే ఊరుకుంది. గ్లిబెన్‌క్లమైడ్ లాంటి పాత మాత్రలకు ఈ విచక్షణ లేదు. అందుకే భోజనం ఆలస్యమైతే చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మరోవైపు నుంచి చూశారు. టైప్ 2 రోగులు పదిమందికి రోజుకు 25 గ్రాముల మెంతులు 15 రోజులపాటు ఇచ్చి, గ్లూకోజును నోటితో కాకుండా నరంలోకి ఎక్కించారు. 1994లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, రక్తంలోంచి గ్లూకోజు త్వరగా తగ్గింది. మెంతుల్లోని పీచు పేగులో చక్కెరను ఆలస్యం చేస్తుందన్న వివరణ ఒక్కటే ఇక్కడ చాలదు.

25 గ్రాములంటే చిన్న చెంచాతో ఆరు చెంచాలు. గ్లాసులో నానేసేది ఒకటో రెండో!

మందుల తయారీలో నిలబడినవి వేరే అమైనో ఆమ్లాలు. ఫినైలాలనిన్‌ను మార్చి చేసిన నాటెగ్లినైడ్‌కు అమెరికాలో 2000లో అనుమతి దొరికింది. భోజనానికి ముందు వేసుకుంటే చప్పున పనిచేసి చప్పున తగ్గిపోతుంది. బీటా అమైనో ఆమ్లం నుంచి పుట్టిన సిటాగ్లిప్టిన్ 2006లో వచ్చింది. ఇన్సులిన్‌ను పురిగొల్పే జీఎల్‌పీ-1 హార్మోను రక్తంలో రెండు నిమిషాల్లోపే సగానికి తగ్గిపోయేలా డీపీపీ-4 ఎంజైము దాన్ని కత్తిరించేస్తుంది. సిటాగ్లిప్టిన్ ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. ఆ హార్మోనునే పోలిన సెమాగ్లూటైడ్‌ది ఇంకో ఎత్తు: కత్తెర పడే చోట ఉన్న అలనిన్‌కు ఒక్క మిథైల్ గుంపు అదనంగా తగిలించారు. దాంతోపాటు ఒక కొవ్వు ఆమ్లం తోకను కూడా కలపడంతో వారానికొక్క ఇంజెక్షను సరిపోతోంది.

అమైనో ఆమ్లాలన్నీ మేలే చేస్తాయని కాదు. ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్, టైరోసిన్, ఫినైలాలనిన్ రక్తంలో ఎక్కువగా ఉన్నవాళ్లకు తర్వాతి పన్నెండేళ్లలో షుగరు వచ్చే అవకాశం ఎక్కువని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 2011లో చూపించింది.

మెంతుల ఆమ్లం ఇంకా మాత్రగా మారలేదు. మెంతిపొడి ఎక్కువ మోతాదులో వాడేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రకు అది తోడైతే షుగరు మరీ పడిపోవచ్చు.