బస్సు వచ్చిండు మేడం!

బీఈడీ ఇంటర్న్‌షిప్‌లో ఆరో తరగతి పిల్లలు నాకు చెప్పిన తెలుగు పాఠం

40 నిమిషాల పాఠం 12 నిమిషాల్లో అయిపోతే ఎలా ఉంటుందో తెలుసా? నాకు బాగా తెలుసు. చేతిలో చాక్‌పీస్ ఉంటుంది. ఎదురుగా 34 మంది పిల్లలు ‘తర్వాతేంటి’ అన్నట్టు చూస్తుంటారు. గోడ గడియారంలో ముల్లు మాత్రం కదలదు.

మాది ఖమ్మం. బీఈడీలో తెలుగు మెథడాలజీ తీసుకున్నాను. 2015 నుంచి బీఈడీ రెండేళ్ల కోర్సు అయింది కదా, రెండో ఏడాదిలో 16 వారాలు బడిలోనే ఉండి పాఠాలు చెప్పాలి. నాకు మహబూబాబాద్ జిల్లాలో ఓ జిల్లా పరిషత్ హైస్కూల్ పడింది. మొదటి రోజు చీరకి ఎన్ని పిన్నీసులు పెట్టుకున్నానో లెక్కే లేదు. ఆరో తరగతి గదిలో అడుగు పెట్టగానే అందరూ లేచి “గుడ్ మార్నింగ్ మేడం” అన్నారు. నిజం చెప్తున్నా, మేడం ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూశాను.

పాఠం శతక పద్యాలు. ఉన్ముఖీకరణ, శీర్షిక ప్రకటన, ఆదర్శ పఠనం, పదవ్యాఖ్య... పాఠ్యపథకంలో అన్నిటికీ నిమిషాలతో సహా రాసుకున్నా. రాగయుక్తంగా చదివా. భావం చెప్పా. “అర్థమైందా?” అన్నా. “అర్థమైంది మేడం!” అని గది దద్దరిల్లింది. హమ్మయ్య అనుకుని ఓ చిన్న ప్రశ్న అడిగా. అంతే, ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు. మిగతా టైమంతా అదే పద్యాన్ని బోర్డు మీద రాయించా. నా అక్షరాలు ఎడమ నుంచి కుడికి వెళ్తూ వెళ్తూ కిందికి జారిపోయాయి.

ఆరు నిమిషాల టీచర్ని

నిజానికి కాలేజీలో నేను మంచి టీచర్నే. మైక్రో టీచింగ్ అని ఒకటి ఉంటుంది. ఆరు నిమిషాల పాఠం, ఆరు నిమిషాలు లోటుపాట్లు చెప్పడం, 12 నిమిషాలు మళ్లీ ప్లాన్ చేసుకోవడం, మళ్లీ ఆరు నిమిషాల పాఠం, మళ్లీ ఆరు నిమిషాల సలహాలు. మొత్తం 36 నిమిషాలు. ఒక్కోసారి ఒక్క నైపుణ్యమే సాధన చేస్తాం. ప్రశ్నలు అడగడం ఒకరోజు, నల్లబల్ల వాడడం ఇంకోరోజు.

అయితే అక్కడ పిల్లలుగా కూర్చునేది మన క్లాస్‌మేట్సే. మనం అడిగే ప్రశ్నకి ఏ జవాబు కావాలో వాళ్లకి ముందే తెలుసు. ఎందుకంటే వాళ్ల వంతు వచ్చినప్పుడు మనమూ అలాగే జవాబు చెప్పాలిగా! అసలు క్లాసులో అలాంటి ఒప్పందాలేం ఉండవు.

నాకు దొరికిన మొదటి నవ్వు

మూడో రోజు. పది నిమిషాలు ఆలస్యంగా ఓ పిల్లాడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఎప్పుడూ మూడో బెంచీలో చివర కూర్చుంటాడు. “ఎందుకు లేటు?” అన్నా.

“బస్సు లేట్ వచ్చిండు మేడం.”

క్లాసులో నలుగురు కిసుక్కుమన్నారు. నేను కూడా సరదాగానే అన్నాను: “బస్సు వచ్చిండు కాదు, వచ్చింది అనాలి. ఏం, బస్సుకి మీసాలున్నాయా?”

గది గదంతా పగలబడి నవ్వింది. మూడు రోజులుగా బిగుసుకుపోయి ఉన్న క్లాసు ఒక్కసారిగా వదులైంది. ‘అబ్బ, క్లాసు నా చేతికొచ్చింది’ అనిపించింది. ఆ రోజు రాత్రి హాస్టల్లో ఫ్రెండ్స్‌కి ఈ జోకు చెప్పి మళ్లీ నవ్వించాను కూడా.

ఆ పిల్లాడు మాత్రం నవ్వలేదు. తల వంచుకుని వెళ్లి కూర్చున్నాడు. మర్నాడు హాజరు పిలిచినప్పుడు “ప్రెజెంట్ మేడం” అనలేదు. చెయ్యి ఎత్తాడంతే. ఆ తర్వాత రోజూ అంతే. ప్రశ్న అడిగితే లేచి నిలబడతాడు, నేల చూస్తాడు. “కూర్చో నాన్నా” అనేదాకా అలాగే ఉంటాడు. పది రోజులు నా క్లాసులో వాడి గొంతు వినిపించలేదు.

మొదట్లో మొండివాడేమో అనుకున్నా. గ్రౌండ్‌లో కబడ్డీ ఆడుతూ తన దోస్తులతో గడగడా మాట్లాడుతుంటే ఓ రోజు చూశాను. అది తెలుగు కాదు, లంబాడీ. అప్పుడు కానీ నాకు బుర్ర వెలగలేదు. నా క్లాసులో 34 మందిలో 19 మంది తండాల నుంచి వచ్చేవాళ్లే.

తెలుగు సార్ అడిగిన ప్రశ్న

ఆ బడిలో తెలుగు చెప్పే సార్‌కి పాతికేళ్ల సర్వీసుంది. స్టాఫ్ రూమ్‌లో ఆయన దగ్గర విషయం చెప్పి, “వాడు తప్పు మాట్లాడితే సరిచేశాను సార్, అంతే కదా” అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి అడిగారు.

“అక్క వచ్చింది. బర్రె వచ్చింది. రెంటికీ ఒకటే క్రియ ఎందుకమ్మా?”

నేను నోరు తెరిచా కానీ మాట రాలేదు. ఎమ్మే తెలుగు చదివిన దాన్ని!

“మన భాషలో ఏకవచనంలో మగవాడికి ఒక క్రియ. ఆడమనిషికీ, గొడ్డుకీ, బండకీ కలిపి ఇంకొకటి. బయటివాళ్లు చూస్తే నవ్వాల్సింది మనల్ని. వాళ్ల భాషలో అలా కాదు. హిందీలోలాగా ప్రతి పేరూ అయితే మగ, లేకపోతే ఆడ. ప్రాణం లేని వస్తువులు కూడా అంతే. ఆ పిల్లాడు వాళ్ల లెక్కలో బస్సుని మగవాళ్ల వైపు వేశాడు. అది తప్పే, కానీ ఊరికే చేసిన తప్పు కాదు. దాని వెనక ఒక వ్యాకరణం ఉంది. నువ్వు ఆ వ్యాకరణాన్ని చూసి నవ్వించావ్.”

కోపంగా చెప్పలేదాయన. అందుకే ఇంకా గట్టిగా తగిలింది.

తెలుగు నేల మీద తెలుగు చెప్పడమంటే అందరికీ అమ్మభాష చెప్పడమే అనుకున్నాను. మా మెథడాలజీ పుస్తకం కూడా ‘మాతృభాషా బోధన’ అనే మొదలవుతుంది. తెలంగాణలో 2018 చట్టంతో అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరైంది. మంచిదే. కానీ తెలుగు కొందరికి ఇంట్లో విన్న భాష, కొందరికి బడికొచ్చాక ఎదురైన భాష. 2009 విద్యా హక్కు చట్టం వీలైనంత వరకు పిల్లల మాతృభాషలోనే బోధించాలంటోంది. లంబాడీ పిల్లల సంగతి చూడండి. 2011 జనాభా లెక్కల్లో లంబాడీ తమ మాతృభాష అని చెప్పినవాళ్లు దేశంలో 32 లక్షలకు పైనే. కానీ ఆ లెక్కల్లో దాన్ని విడిగా కాకుండా హిందీ కింద చూపించారు. సొంత లిపి కూడా లేదు. ఏ రాష్ట్రంలో ఉంటే ఆ లిపిలో రాసుకుంటారు. అంటే నా మూడో బెంచీ పిల్లాడు వాళ్ల అమ్మ మాట్లాడే మాటని అచ్చులో చూసి ఉండడు.

“గర్ కాదు మేడం, ఘర్!”

మర్నాటి నుంచి మధ్యాహ్న భోజనం టైమ్‌లో స్టాఫ్ రూమ్‌కి వెళ్లడం మానేశాను. ప్లేటు పట్టుకుని వేపచెట్టు కింద తండా ఆడపిల్లల పక్కన కూర్చున్నా. “మీ భాషలో అమ్మని ఏమంటారు?” అని అడిగితే ముందు సిగ్గుపడ్డారు. ఒకమ్మాయి మెల్లగా “యాడి” అంది. నీళ్లు ‘పాణి’, రొట్టె ‘బాటి’. నోట్‌బుక్‌లో తెలుగు లిపిలో రాసుకున్నా. నేను రాస్తుంటే నలుగురు కాస్తా పది మందయ్యారు.

ఆ వారం క్లాసులో ఒత్తక్షరాలు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, థ, ధ, ఫ, భ. పదే అక్షరాలు, కానీ ఆరో తరగతికి వచ్చినా తికమకే. దానికో కారణం ఉంది. అచ్చ తెలుగు మాటల్లో ఈ ఒత్తులు ఉండవు. సంస్కృతం మాటలతో పాటు వచ్చాయి. అందుకే మనలో చాలామంది ‘భోజనం’ అని రాసి ‘బోజనం’ అని పలుకుతాం. నోట్లో లేని తేడాని చెవితో పట్టుకుని చేత్తో రాయమంటే పిల్లలకి కష్టమే కదా.

ఉదాహరణకి బోర్డు మీద తెలుగు మాట బదులు ‘ఘర్’ అని రాశా. లంబాడీలో ఇల్లు. నా ఖమ్మం నోటితో ధీమాగా చదివా: “గర్.”

“గర్ కాదు మేడం, ఘర్!”

మూడో బెంచీ చివరి నుంచి వచ్చింది ఆ గొంతు. పది రోజుల తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట అది. నా తప్పుని సరిచేశాడు!

మళ్లీ పలికా. “ఊహూ, తప్పు మేడం!” ఈసారి తండా పిల్లలంతా అందుకున్నారు. మూడోసారీ తప్పే. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. అప్పుడు అడిగా: “మొన్న నువ్వు బస్సు వచ్చిండు అంటే నేను నవ్వించాను. ఇప్పుడు నాకెలా ఉందో నీకు తెలుసు కదా?” వాడు తల ఊపాడు. “అలా అనకుండా ఉండాల్సింది నాన్నా” అన్నాను. అంత చిన్న మాట చెప్పడానికి నాకు పది రోజులు పట్టింది.

తర్వాత చాక్‌పీస్ వాడి చేతికిచ్చా. గుర్రాన్ని ‘ఘోడో’ అంటారట, ఆడగుర్రమైతే ‘ఘోడి’. ఘ రాయడానికి కాస్త టైమ్ తీసుకున్నాడు. ఓత్వం ఎక్కడ పెట్టాలో ఆలోచించాడు. ‘ఘోడో’ అని రాసి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. ఊళ్లో పిల్లలు గ, ఘ తేడా చెవితో పట్టుకోడానికి తండా పిల్లల నోరు చూడడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ‘మాట రాదు’ అని వెక్కిరించిన వాళ్లే!

‘వచ్చిండు, వచ్చింది’ పాఠం కూడా చెప్పా. బోర్డు మీద గీత గీసి ఒక పక్క వాళ్ల లెక్క, ఇంకో పక్క మన లెక్క రాశాం. “అక్కకీ బర్రెకీ ఒకటేనా మేడం?” అని వాళ్లు నోరెళ్లబెట్టారు. సార్ చెప్పింది నిజమే.

పరిశీలకుల ముందు

మార్కుల కోసం చెప్పే పాఠం రోజు కాలేజీ నుంచి పరిశీలకులు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. సేఫ్‌గా పుస్తకంలో ఉన్నట్టే చెప్పేద్దామా అని రాత్రంతా ఆలోచించా. కానీ మళ్లీ ఆ ఫ్యాన్ చప్పుడు వినాలనిపించలేదు. పద్యంలో మాటలకి మీ ఇంట్లో ఏమంటారని అడుగుతూనే పాఠం నడిపా. చేతులు లేచాయి. గోల గోలగా జవాబులొచ్చాయి. పాఠం పూర్తి కాకుండానే గంట కొట్టేశారు.

రిపోర్ట్‌లో రెండు వాక్యాలు రాశారు: సమయపాలన లేదు, తెలుగు క్లాసులో ఇతర భాష వాడకం తగ్గించుకోవాలి. మార్కులు ఓ మోస్తరు. ఏడుపొచ్చింది, దాచను. సమయపాలన మాట నిజమే, ఒప్పుకుంటా. రెండో మాట మాత్రం ఒప్పుకోలేను. ఆ సాయంత్రం తెలుగు సార్ కాగితం చూసి ఒకటే అడిగారు: “పిల్లలు మాట్లాడారా?” మాట్లాడారన్నాను. “అయితే టీ తాగు” అన్నారు.

మీరూ బీఈడీలో ఉంటే

నేను నిపుణురాలిని కాదు. దెబ్బలు తిని నేర్చుకున్నవి మూడు ముక్కలు చెప్తా, అంతే.

మొదటి వారంలోనే ఎవరింట్లో ఏ భాష మాట్లాడతారో రాసుకోండి. పాఠ్యపథకం కంటే ముందు పనికొచ్చే కాగితం అదే.

“అర్థమైందా?” అని అడగకండి. “నీ మాటల్లో చెప్పు” అనండి. అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

పిల్లల తప్పుని అందరి ముందూ జోకు చేయకండి. ఆ నవ్వు వల్ల క్లాసు మీ వైపు వచ్చినట్టే ఉంటుంది. ఒక్కరు మాత్రం వెళ్లిపోతారు. వాళ్లని వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం.

చివరి రోజు

సినిమాల్లోలాగా అంతా బాగైపోలేదు. 16 వారాలయ్యేసరికి ఆ పిల్లాడు ఒత్తుల్లేని చిన్న మాటలు తడుముకోకుండా చదువుతున్నాడు. పేరా ఇస్తే మాత్రం ఇంకా ఆగిపోతాడు. వాడికి ఇంకా టైమ్ కావాలి, నా ఇంటర్న్‌షిప్ అయిపోయింది. వాడి నోట్‌బుక్ తెలుగు సార్‌కి అప్పగించి, ఎక్కడిదాకా వచ్చాడో రాసిచ్చా.

సాయంత్రం పిల్లలు రాసిచ్చిన గ్రీటింగ్ కార్డులు సర్దుకుంటూ గేటు దగ్గర ఆలస్యం చేశా. రోడ్డు మీద నుంచి ఓ కేక వినిపించింది.

“మేడం! బస్సు వచ్చిండు! ఉరుకుండ్రి!”

ఎవరో చెప్పక్కర్లేదుగా. ఒక్క సెకను ఆగి వాడే నాలుక కరుచుకుని, “వచ్చింది, వచ్చింది!” అని ఇంకా గట్టిగా అరిచాడు. కొంగు నడుముకి చుట్టుకుని పరిగెత్తాను.