క్యాషు కడిగిన రోజు

కిందటేడు మా అమ్మాయి ఇంజనీరింగు సీటు చేజారినంత పని అయింది. అందుకు కారణం మార్కులు కావు, డబ్బూ కాదు. మా ఇంట్లో కంప్యూటరు ఒక పాత నోటీసును భద్రంగా దాచుకోవడం!

కాలేజీల పేర్లు ఎంచుకుని ఆన్‌లైనులో నమోదు చెయ్యడానికి శనివారం సాయంత్రం దాకా గడువున్నట్టు మా తెరమీద కనిపిస్తోంది. ఆవేళ గురువారం. ఇంకా రెండు రోజులుంది గదా అని, నేను భోంచేసి నడుం వాల్చాను. మూడున్నరకి పక్కింటావిడ వచ్చి, "మీ అమ్మాయిది అయిపోయిందా, అన్నయ్యగారూ? ఈవేళ అయిదింటికే ఆఖరట గదా!" అన్నది. వాళ్లబ్బాయి ఫోనులో చూస్తే నిజమే. తేదీలు సవరించారు. మా దాంట్లో మాత్రం శనివారమే! రీలోడు గుర్తు మీద పదిసార్లు నొక్కాను. శనివారం కదలలేదు.

హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి కూతురికి ఫోను చేశాను.

"ముందు క్యాష్ తీసెయ్యండి, పెదనాన్నా" అన్నది.

"నెలాఖరమ్మా! తియ్యడానికి బ్యాంకులో ఏముందని?" అన్నాను.

అది ఆ క్యాషు కాదట. దాచడమనే అర్థమున్న ఫ్రెంచి మాటనుంచి వచ్చిందట. పోపు పెట్టే ప్రతిసారీ ఆవాలకోసం బజారుకి పరుగెత్తం గదా, డబ్బాలో పోసి పెట్టుకుంటాం. బ్రౌజరూ అంతే. ఒకసారి చూసిన పేజీలోని బొమ్మల్ని, ఫైళ్లను మన యంత్రంలోనే దాచి, మళ్లీ అడిగితే అక్కణ్ణించే తీసి చూపిస్తుంది. ఎన్నాళ్లు దాచుకోవచ్చునో పంపేవాళ్లే సెకన్ల లెక్కన చెప్పవచ్చు. వారమంటే 604800. గడువు తీరాక, "ఇది మారిందా?" అని బ్రౌజరు అడిగితే, మారకపోతే అవతలినుంచి 304 అనే జవాబు వస్తుంది. పాతదే మళ్లీ వాడుకోమని దానర్థం.

మా నోటీసును అక్షరాలుగా కాక బొమ్మగా పెట్టారు. సవరించిన బొమ్మకు కూడా పాత పేరే ఉంచేశారు. పేరు మారలేదు, దాచుకునే గడువూ తీరలేదు. ఇంక బ్రౌజరు కొత్తది ఎందుకు తెస్తుంది? రీలోడు చేసినా, 2017 నుంచి క్రోము అసలు పేజీనే అడిగి చూస్తుంది గాని లోపలి బొమ్మల జోలికి పోదట.

"కంట్రోలు, షిఫ్టు, డిలీటు కలిపి నొక్కండి. అక్కడ..." అంటూండగానే ఆదుర్దాకొద్దీ ఫోను పెట్టేశాను. తెరమీద జాబితా వచ్చింది: చూసిన పేజీల చరిత్ర, కుకీలు, దాచిన బొమ్మలు-ఫైళ్లు, పాస్‌వర్డులు. కడగడమంటూ మొదలెట్టాక సగం ఇల్లు వదిలేస్తామా? అన్నిటికీ టిక్కు పెట్టి కానిచ్చేశాను.

కొత్త నోటీసు వచ్చింది. ఈరోజు, 5 గంటలు! దాంతోపాటే పాస్‌వర్డు అడుగుతూ ఖాళీ గడి కూడా వచ్చింది. అన్నాళ్లూ దాన్ని కంప్యూటరే నింపుతూండేది. అమ్మాయికి గుర్తు లేదు. నాకసలు తెలియదు. అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పుడు టైము నాలుగూ ఇరవై.

మా ఆవిడ వంటింట్లోంచి పాల లెక్క పుస్తకం తెచ్చింది. "మొదటిరోజు దాన్ని పైకి చదువుతూ కొట్టావు గదే, వినిపిస్తే ఎందుకైనా మంచిదని రాసిపెట్టాను" అన్నది అమ్మాయితో. అట్ట వెనక, అర లీటర్ల లెక్కల కింద ఉంది. నాలుగూ నలభై ఎనిమిదికి నమోదు పూర్తయింది.

రాత్రి తీరిగ్గా చదివితే తెలిసింది. కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ 1965లోనే ఇటువంటి చిన్న జ్ఞాపకపు అర గురించి రాశాడట. 1968లో ప్రకటించిన ఐ.బి.ఎం. 360 మోడల్ 85 యంత్రంలో దానికి ఈ పేరు స్థిరపడింది. ఇంత చరిత్ర ఉన్నదాన్ని క్షణంలో కడిగేశానన్నమాట!

మర్నాడు ఫోనులో మా తమ్ముడి కూతురు, "బొమ్మలు-ఫైళ్ల పక్కన మాత్రమే టిక్కు పెట్టమందామనుకున్నాను, పెట్టేశారు. అసలు కంట్రోలు పట్టుకుని ఎఫ్ 5 కొడితే సరిపోయేదేమో!" అన్నది.

ఆ నెలనుంచి పాల లెక్క కొత్త పుస్తకంలోకి మారింది. పాతది బీరువాలో, పట్టుచీరల కింద ఉంది.